భుజం కీలు మార్పిడి: అపోహలు – వాస్తవాలు

మోకాలి మార్పిడి గురించి ఇప్పుడు తెలియనివాళ్లు తక్కువ. భుజానికి కూడా అలాంటి ఆపరేషన్ ఉందంటే మాత్రం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నమ్మలేనట్టు చూస్తారు. కొందరు ఏళ్ల తరబడి ఒకవైపు తిరిగి పడుకోలేక, జుట్టు దువ్వుకోలేక, ఇక ఇంతేలే అని సర్దుకుపోయి ఉంటారు. వాళ్ల నోట పదే పదే వినే మాటలే ఇవి. భుజం విషయంలో ఎముక ఎంత అరిగిందన్నది ఒక ఎత్తయితే, దాన్ని కదిలించే కండరాలు ఎలా ఉన్నాయన్నది ఇంకో ఎత్తు. నా నిర్ణయాలు ఎక్కువగా ఈ రెండోదాని మీదే ఆధారపడతాయి.

అపోహ: ఇది కొత్త ఆపరేషన్, ఇంకా ప్రయోగాలే చేస్తున్నారు

1893లోనే పారిస్‌లో పియాన్ అనే సర్జన్ క్షయతో పాడైన భుజానికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు అమర్చారు. ఇన్ఫెక్షన్ వల్ల రెండేళ్ల తర్వాత దాన్ని తీసేయాల్సి వచ్చింది. 1950ల్లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ విరిగిన భుజాల్లో, చేతి ఎముక పైచివర బంతిలా ఉండే భాగం స్థానంలో లోహపు బంతి పెట్టడం మొదలుపెట్టారు. ఈ రోజు చేస్తున్న ఆపరేషన్‌కు అక్కడే పునాది పడింది.

అపోహ: చెయ్యి పైకి లేవట్లేదంటే కీలు మార్చాల్సిందే

కానే కాదు. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్‌లో చెయ్యి అసలు కదలదు, నేను పట్టుకుని లేపినా లేవదు. కానీ ఎక్స్‌రేలో కీలు శుభ్రంగా ఉంటుంది. దానికి ఓపిక, వ్యాయామం, అవసరమైతే ఇంజెక్షన్ చాలు. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ కొద్దిగా చినిగినవాళ్లలో కూడా చాలామందికి ఫిజియోథెరపీతోనే నయమవుతుంది.

మార్పిడి దాకా వెళ్లేవి వేరే. కీలు పూర్తిగా అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకోవడం, రుమటాయిడ్ ఆర్థరైటిస్, రక్తప్రసరణ ఆగి బంతి కుంగిపోవడం, పెద్ద వయసులో కింద పడి బంతి ముక్కలు ముక్కలవడం. వీటిలో కూడా మందులు, వ్యాయామం చేసి చూసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటేనే ఆపరేషన్ మాట ఎత్తుతాను. విరిగిన భుజానికి మాత్రం అంతకాలం ఆగే వీలుండదు.

అపోహ: కండరాలు చినిగిపోతే కీలు మార్చినా చెయ్యి లేవదు

కొన్ని దశాబ్దాల క్రితం అయితే ఈ మాటలో చాలా నిజం ఉండేది. బంతి చుట్టూ రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు ఉంటాయి. బంతిని అది కూర్చునే గిన్నె (భుజం రెక్క ఎముకలోని గుంట) మధ్యలో నిలిపి ఉంచడమే వాటి పని. అవి బాగా చినిగిపోతే, పైనున్న పెద్ద కండరం డెల్టాయిడ్ లాగినప్పుడల్లా బంతి పైకి జారి ఎముకకు తగులుతుంది. పరీక్ష చేసేటప్పుడు ఇది కంటికే కనిపిస్తుంది. చెయ్యి ఎత్తమంటే భుజం చెవి వైపు ఎగదన్నుతుంది తప్ప చెయ్యి లేవదు. నేను పట్టుకుని పైదాకా లేపి వదిలేస్తే టక్కున కింద పడిపోతుంది.

అలాంటి భుజానికి మామూలు కీలు పెడితే బంతి మళ్లీ పైకే జారుతుంది, ప్లాస్టిక్ గిన్నె వదులైపోతుంది. 1985లో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ దీన్ని తిరగేశారు. గిన్నె ఉండాల్సిన చోట బంతిని, బంతి ఉండాల్సిన చోట గిన్నెను పెట్టారు. దాంతో కీలు తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరిగింది. డెల్టాయిడ్‌కు పట్టు పెరిగి, కఫ్ సాయం లేకపోయినా అదే చేతిని ఎత్తగలుగుతుంది. దీన్నే రివర్స్ షోల్డర్ అంటాం. ఏళ్లుగా తలదాకా చెయ్యి ఎత్తలేనివాళ్లు సొంతంగా దువ్వెన పట్టుకోవడం చూసినప్పుడు నాకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

అయితే ఒక షరతు ఉంది: డెల్టాయిడ్, దానికి వెళ్లే నరం బాగుండాలి. అవి దెబ్బతింటే రివర్స్ కూడా పనిచేయదు. అందుకే ముందు చేతులతో పరీక్ష, తర్వాత సీటీ, అవసరమైతే ఎంఆర్ఐ.

అపోహ: ఆపరేషన్ అయ్యాక చెయ్యి పూర్తిగా మునుపటిలా అయిపోతుంది

ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ముందు తగ్గేది నొప్పి. కదలిక తర్వాత వస్తుంది, అదీ అన్ని వైపులా సమానంగా రాదు. ముఖ్యంగా రివర్స్‌లో చెయ్యి వీపు వెనక్కి వెళ్లడం తగ్గవచ్చు. టాయిలెట్‌లో శుభ్రం చేసుకునే చెయ్యి ఏదో నేను ముందే అడుగుతాను. అడగడానికి మొహమాటపడే విషయమే, కానీ ఆపరేషన్ తర్వాత ఇబ్బంది తెలిసేది అక్కడే.

సుమారు 4 నుంచి 6 వారాలు చేతిని మెడకు వేలాడదీసే పట్టీ (స్లింగ్) ఉంటుంది. ఆ రోజుల్లో కుర్చీ చేతుల మీద ఆ చేత్తో ఒత్తి లేవకూడదు, కీలు జారేది చాలావరకు ఇలాంటప్పుడే. రోజువారీ పనులకు మూడు నుంచి ఆరు నెలలు, పూర్తి ఫలితానికి ఏడాది పట్టవచ్చు. బరువులకు జీవితాంతం హద్దు ఉంటుంది, అది ఎంతో మీ సర్జన్ చెబుతారు.

అపోహ: ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిది

చిన్న వయసువాళ్ల విషయంలో ఆగడంలో అర్థముంది, కృత్రిమ కీలు కూడా అరుగుతుంది కాబట్టి. పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది కీళ్లు నిలిచే ఉంటున్నాయి, ఆ పైన తగ్గుతూ వస్తుంది. కానీ వయసు పైబడినవాళ్లు నొప్పి మాత్రల మీద ఏళ్లు గడిపేస్తే నాకు బాధేస్తుంది. ఈలోగా గిన్నె ఎముక అరిగిపోతుంది, చినిగిన కండరం కొవ్వు పట్టిపోతుంది. ఆ కండరాన్ని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. మామూలు కీలుతో సరిపోయేవాళ్లకు అప్పుడు రివర్స్ తప్ప దారి ఉండదు.

అపోహ: కుట్లు మానితే ఇన్ఫెక్షన్ భయం తీరినట్టే

భుజం, చంక చర్మం లోపలి పొరల్లో నెమ్మదిగా పెరిగే ఒక రకం బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కొందరు సర్జన్లు ఆ బ్యాక్టీరియాను తగ్గించే బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మందు రాసుకోమంటారు. షుగర్ అదుపులో ఉండాలి, సిగరెట్ మానేయాలి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో భుజానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పండి.

ఈ క్రిమి వల్ల జ్వరం, చీము రాకపోవచ్చు. ఏడాదిపాటు హాయిగా ఉన్న భుజం మళ్లీ నొప్పి పెట్టడం, బిగుసుకుపోవడం మాత్రమే కనిపించవచ్చు. ల్యాబ్‌లో అది పెరగడానికి రెండు వారాలు కూడా పట్టవచ్చు. శాంపిల్ తీయకముందే యాంటీబయోటిక్ వాడేస్తే అసలు దొరక్కపోవచ్చు. కాబట్టి అలాంటి నొప్పి వస్తే సొంతంగా మాత్రలు మొదలుపెట్టకుండా ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి.