స్తంభం వెనక చెప్పు

గుంటూరు, బ్రాడీపేట

చిన్నోడికీ, బుజ్జమ్మకీ పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరు నాతో ఫంక్షన్ హాలుకి వచ్చిన రోజు, ఇంట్లో కూర్చునే ఫోన్లో చుట్టూ తిప్పి చూస్తూ హాలంతా తిరిగొచ్చే వర్చువల్ టూర్ కోసం తీసిన ఫొటోలన్నీ నిన్న రాత్రి కంప్యూటర్లో వేసి చూశాను. చిన్నోడా, నువ్వు స్తంభం వెనక బాగానే దాక్కున్నాననుకున్నావు గానీ నీ ఎడమ కాలి చెప్పు నీలం పట్టీతో సహా పడింది. అది చెరపడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. కోపం కాదులే, ఊరికే చెప్తున్నా. "ఫొటో తీసేవాడు కూడా ఎందుకు దాక్కోవాలి పెదనాన్నా?" అని ఆ రోజు అడిగావు. పని హడావుడిలో "తర్వాత చెప్తాలే" అన్నాను. ఇదే ఆ తర్వాత.

మామూలు కెమెరా తన ముందున్నదాన్నే చూస్తుంది. నా స్టాండు మీదున్న బుల్లి కెమెరాకి వీపంటూ లేదు. అటొక లెన్సు, ఇటొక లెన్సు. ఒక్కోటీ తన వైపు సగానికంటే కాస్త ఎక్కువే చూస్తుంది. ఆ ఎక్కువైన అంచుల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి సాఫ్ట్‌వేర్ రెండు బొమ్మల్నీ కలిపి కుడుతుంది. కెమెరాకి కనపడని మూల గదిలో ఉండదు కాబట్టి నేనూ గోడ చాటుకి పరుగెత్తి ఫోన్లో బటన్ నొక్కాల్సిందే.

బత్తాయి తొక్కని చింపకుండా బల్ల మీద పరవాలంటే పై కొసనీ కింది కొసనీ బాగా సాగదీయాలి కదా, ఆ ఫొటో కూడా అంతే. చుట్టూ 360 డిగ్రీలు, నెత్తి మీద నుంచి పాదాల కిందికి 180. అందుకే వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు. కెమెరాకి నేరుగా పైనున్న ఫ్యాను ఆ ఫొటోలో పై అంచంతా పాకిన మరకలా ఉంటుంది. టూర్‌లో తల ఎత్తి చూస్తే మళ్లీ ఫ్యానే.

బుజ్జమ్మా, బొటనవేలు ముక్కు ముందు పెట్టుకుని ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసి చూడు. వేలు గెంతుతుంది. దూరాన ఉన్న కొబ్బరిచెట్టు గెంతదు. రెండు లెన్సులకీ అదే తంటా. దగ్గరున్న కుర్చీ సరిగ్గా అతుకు మీద పడితే రెండు ముక్కలైపోతుంది. మీ చేత అన్ని కుర్చీలు జరిపించింది అందుకే, పని చెప్పడం సరదా అయి కాదు.

మనిషిని మధ్యలో నిలబెట్టి చుట్టూ బొమ్మ చూపించడం కొత్తేమీ కాదు. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1793కల్లా లండన్‌లో ఇందుకోసమే గుండ్రటి భవనం తెరిచి, డబ్బులు తీసుకుని లోపలికి పంపేవాడు. మౌస్‌తో తిప్పి చూసే పద్ధతిని ఆపిల్ కంపెనీ 1995లో క్విక్‌టైమ్ వీఆర్ పేరుతో తెచ్చింది. 2007లో వీధుల్ని ఇలాగే చుట్టూ తిప్పి చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ వచ్చాక అందరికీ అలవాటైంది.

ఫొటో తీయడం వరకూ అయితే మీరూ వారం రోజుల్లో నేర్చుకుంటారు. నాకు తల బొప్పి కట్టింది ఆ తర్వాతి పనిలో. విజయవాడలో ఒక కల్యాణ మండపానికి మొదటిసారి టూర్ చేశాను. ఓనరు గారికి ఆ హాల్లో వేలాడే షాండ్లియర్ అంటే ప్రాణం. నేనూ దాని కిందే మొదలుపెట్టి, వెనక సన్నాయి పెట్టి, బొమ్మ దానంతటదే తిరిగేలా చేశాను. నెల తిరక్కుండా ఆయన ఫోన్ చేశారు. "ఏమయ్యా, టూర్ పెట్టాక కూడా అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. పైగా కళ్లు తిరుగుతున్నాయంటున్నారు."

వెళ్లి రెండు రోజులు వాళ్ల ఆఫీసు గదిలో ఓ మూల కూర్చున్నాను. పెళ్లికూతురి తల్లి ఒకావిడ వచ్చింది. షాండ్లియర్ వంక కన్నెత్తి చూడలేదు. భోజనాల హాలు పైనా కిందా, పంక్తికి ఎంతమంది, లిఫ్టు ఉందా, "మా అత్తగారికి మోకాళ్ల నొప్పులండీ" అంది. పెళ్లికూతురి గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి చూసింది. వంటవాళ్లు నీళ్లు ఎక్కడ పట్టుకుంటారని అడిగింది. నా టూర్‌లో వీటిలో ఒక్కటీ లేదు. సిగ్గేసింది.

మళ్లీ చేశాను. ఈసారి కారు ఆగే గేటు దగ్గర మొదలు. అక్కడి నుంచి లిఫ్టు, స్టేజీ, భోజనాల హాలు, చివర్లో వంటిల్లు. పంక్తి బల్ల మీద నొక్కితే ఎంతమంది కూర్చోవచ్చో కనిపిస్తుంది, లిఫ్టు మీద నొక్కితే ఎన్ని మెట్లు తప్పుతాయో. సన్నాయి తీసేశాను, తిరగడం ఆపేశాను. షాండ్లియర్‌ని మాత్రం ఉంచాను. ఓనరు గారి మనసు కూడా చూసుకోవాలిగా.

ముందుకెళ్లే బాణం గుర్తు తలుపు మీదే ఉండాలి. గాల్లో వేలాడితే ఎవరూ నొక్కరు. తలుపు దాటాక చూపు నడిచిన దిక్కుకే ఉండాలి. లోపలికి అడుగుపెట్టగానే మళ్లీ వచ్చిన తలుపే ఎదురైతే, ఎవరో భుజం పట్టి వెనక్కి తిప్పినట్టుంటుంది. కెమెరా అయిదడుగుల ఎత్తులో పెడతాను. ఇంకా ఎత్తు పెడితే బల్లి గోడ మీంచి చూసినట్టు వస్తుంది.

బట్టల కొట్టు అయితే ఇంకో గొడవ. ఫొటోలో ఉన్న చీర సంక్రాంతికల్లా అమ్ముడైపోతుంది. అందుకే కొట్టుని ఫొటో తీసి, చీరలూ ధరలూ ఎప్పుడంటే అప్పుడు మార్చుకునే హాట్‌స్పాట్లలో, అంటే నొక్కితే వివరాలు తెరుచుకునే గుర్తుల్లో, పెడతాను. అద్దాలున్నచోట కెమెరా తన మొహం తనే చూసుకోకుండా చూడటం ఇంకో పాట్లు.

ఒక తప్పు మాత్రం జన్మలో మరిచిపోను. ఇక్కడే ఒక మిర్చి వ్యాపారి కొట్టుకి చేశాను. ఆ ఘాటుకి ఒకటే దగ్గు, కళ్లలో నీళ్లు. త్వరగా ముగించి బయటపడితే చాలనుకున్నాను. ఫొటో 8192 చుక్కల వెడల్పు, 4096 ఎత్తు, అంటే మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల చుక్కలు. అన్నీ ఒకేసారి పంపితే ఫోన్లో సున్నా గిరగిరా తిరుగుతూనే ఉంటుందని పలకలుగా కోసి, చూస్తున్న వైపువి ముందు వచ్చేలా పెట్టాను. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను. మర్నాడు ఆయన బావమరిది ఫోన్ చేశాడు: "బల్ల మీద మా బాకీల పుస్తకం తెరిచుంది. జూమ్ చేస్తే ఎవరు ఎంత ఇవ్వాలో చదవొచ్చు!" ఆ గంటలోనే తీసేశాను. ఇప్పుడు కెమెరా పెట్టేముందు బల్లలన్నీ ఖాళీ చేయిస్తాను, మనుషుల ముఖాలు పడితే అడిగి గానీ ఉంచను.

ఇక మీకో పని. ఆ రోజు హాలు టూర్ లింకు నాన్న ఫోన్‌కి పంపాను. గురువారం అప్పగించాలి. గేటు దగ్గర మొదలుపెట్టి వంటింటి దాకా వెళ్లండి. ఎక్కడ దారి తప్పారో, ఏది నొక్కితే ఏమీ కాలేదో కాగితం మీద రాసి ఫొటో పంపండి. మీకు పంపిన కాపీలో చెప్పు చెరపలేదు. ఏ స్తంభమో చెప్పను, వెతుక్కోండి.

మీ
పెదనాన్న