ఆయుధాల షరతు: 2004 అక్టోబరులో తెగని ముడి

మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో గడ్చిరోలిలో తుపాకీ అప్పగించాక పాత తగువు మళ్లీ రాజుకుంది. చర్చలు ముందా, ఆయుధాలు దించడం ముందా? అంతకు నెల ముందు ఆయన సాయుధ పోరాటాన్ని తాత్కాలికంగా ఆపుదామంటే, అది ఆయన సొంత అభిప్రాయమని మావోయిస్టు తెలంగాణ కమిటీ కొట్టిపారేసింది. తుపాకీ పట్టినవాళ్లతో మాటల్లేవని కేంద్రం అప్పుడూ అంటూనే వచ్చింది.

నక్సలైట్‌ ఉద్యమం రాజుకున్న శ్రీకాకుళం, జగిత్యాల నాటి సంగతులు అందరికీ తెలిసినవే. ఇప్పటి పీటముడి పడింది మాత్రం 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌ మంజీరా అతిథిగృహంలో జరిగిన చర్చల్లో. నల్లమల నుంచి చిన్నారుట్ల దగ్గర బయటికొచ్చిన మావోయిస్టు నేత రామకృష్ణ బృందం, మరో నక్సలైట్‌ పార్టీ జనశక్తి ప్రతినిధులు ఒకవైపు. హోంమంత్రి జానారెడ్డి ఆధ్వర్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం మరోవైపు. ఇద్దరినీ కూర్చోబెట్టింది ఎస్‌.ఆర్‌.శంకరన్‌ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక. ఈ మాజీ ఐఏఎస్‌ అధికారిని 1987లో తూర్పుగోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లే అపహరించారు. అయినా ఆయన ఏళ్ల తరబడి ఇరువైపులకూ తిరిగి, హింస ఎవరిదైనా తప్పేనని చెబుతూ వచ్చారు.

కాల్పుల విరమణ ముసాయిదాలో చాలా అంశాలపై ఏకాభిప్రాయం కుదిరింది. ఆగింది ఒక్క దగ్గరే: నక్సలైట్‌ దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రావచ్చా? విరమణ ముసుగులో తుపాకులు చూపించి చందాలు దండుకుంటున్నారని, కొత్తవాళ్లను చేర్చుకుంటున్నారని పోలీసుల ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. ఆయుధం తమ రాజకీయంలో భాగమని, వదలబోమని మావోయిస్టులు భీష్మించారు. మావోయిస్టులు అడిగిన భూపంపిణీపై మాట సాగుతుంటే ఆయుధాల ప్రశ్న దానంతటదే పలచబడుతుందని మధ్యవర్తుల ఆశ. ఒప్పందంలో అదొక పేరాగానే ఉండి ఉంటే రెండో విడత చర్చలు జరిగేవేమో. ప్రభుత్వం దాన్ని గుమ్మం దగ్గరే షరతుగా పెట్టింది. అక్కడితో భూమి చర్చ వెనక్కి పోయింది. ఆ డిసెంబరులో కోనేరు రంగారావు అధ్యక్షతన భూ కమిటీ వేశారు కానీ, చర్చల బల్లతో దానికి సంబంధం లేకుండా పోయింది.

తర్వాతివి వేగంగా జరిగిపోయాయి. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై మావోయిస్టులు తప్పుకున్నారు. చర్చల్లో కూర్చున్న జనశక్తి నేత రియాజ్‌ ఆ జులైలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఏ వాదనా సమర్థించలేని హత్య అది. రెండు రోజులకే మావోయిస్టు పార్టీపై నిషేధం తిరిగొచ్చింది.

శంకరన్‌, చర్చల కోసం పాటుపడిన పౌరహక్కుల న్యాయవాది కె.జి.కన్నబిరాన్‌ ఇద్దరూ 2010లో పోయారు. రెండు పక్షాలూ వినే అలాంటి గొంతు మళ్లీ దొరకలేదు. 2025 ఏప్రిల్‌ నెలాఖరులో శాంతి చర్చల మాట లేచినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జానారెడ్డి ఇంటికి వెళ్లి నాటి అనుభవం అడిగారు. నెల తిరగకముందే, మే 21న, మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. చర్చలకు సిద్ధమని ఆ పార్టీ అంతకు ముందే ప్రకటించి ఉంది.