"మా కంప్యూటర్లో బాగానే వస్తోందే!": సర్టిఫికెట్లపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు వైపు రైస్ మిల్లులకు, రొయ్యల మేత డీలర్లకు, స్కూళ్లకు సర్వర్లు చూసే పని నాది. వెబ్‌సైట్ అసలుదేనని రుజువు చేసి, కనెక్షన్‌ను భద్రంగా ఉంచే డిజిటల్ సర్టిఫికెట్ల గురించి తరచూ వినే మాటల్లో కొన్ని వ్యాపారానికే దెబ్బ కొడుతున్నాయి.

అపోహ: నా కంప్యూటర్లో సైట్ తెరుచుకుంటోంది, కాబట్టి సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది.

వాస్తవం: నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని మీదే. ఇందుకూరుపేటలో చెరువు గట్టు మీద నుంచి రైతు మేత ఆర్డర్ పెడుతుంటే యాప్ కనెక్ట్ కాదు. నెల్లూరు ఆఫీసులో క్రోమ్‌లో మాత్రం సైట్ చక్కగా వస్తుంది. డీలరేమో అక్కడ సిగ్నల్ లేదనుకుంటాడు. లోపం సర్వర్లోనే ఉంది. సైట్ సర్టిఫికెట్‌తో పాటు దాని పైనున్న, అంటే దాన్ని జారీ చేసిన సంస్థకు చెందిన ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌ను కూడా సర్వరే పంపాలి. పంపకపోయినా డెస్క్‌టాప్ బ్రౌజర్లు చాలావరకు ఎలాగోలా సర్దుకుంటాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు సాధారణంగా సర్దుకోవు.

అందుకే సర్టిఫికెట్లను పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్లో ఎస్-క్లయింట్ (s_client) కమాండ్‌తో, సురక్షిత వెబ్‌సైట్లు వాడే 443 పోర్టుకు కనెక్ట్ అయి చూడండి. సర్వర్‌నేమ్ ఆప్షన్‌లో సైట్ పేరు ఇవ్వండి, లేదంటే అదే ఐపీ మీదున్న ఇంకో సైట్ సర్టిఫికెట్ కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు. వెరిఫై రిటర్న్ కోడ్ 21 అని వస్తే ఇంటర్మీడియట్ అందడం లేదని దాదాపు ఖాయం. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో, రెండు సర్టిఫికెట్లూ ఉన్న ఫుల్‌చెయిన్ ఫైల్ ఇచ్చి రీలోడ్ చేస్తే సరిపోతుంది. కోడ్ 0, అంటే లోపం లేదని, వచ్చినా అక్కడితో ఆగకండి. ఆ కమాండ్ మామూలుగా పేరు సరిపోయిందో లేదో చూడదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ సర్టిఫికెట్లో ఉన్నాయేమో విడిగా చూడాల్సిందే.

అపోహ: ఆటో రెన్యూవల్ పెట్టేశాం, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: డిస్క్‌లోకి కొత్త ఫైల్ వచ్చినా, రీలోడ్ చేసేదాకా ఎన్‌జిన్‌ఎక్స్ పాతదే చూపిస్తుంది. బయటి నుంచి కనెక్ట్ అయి గడువు తేదీ చూడండి. ఉచితంగా 90 రోజుల సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ గడువు హెచ్చరిక మెయిళ్లను 2025లో ఆపేసింది. 2029 మార్చి 15 నుంచి ఇచ్చే ఏ పబ్లిక్ సర్టిఫికెట్‌కైనా గడువు 47 రోజులు మించదు. చేత్తో మార్చుకుందాంలే అనే ఆలోచన ఇప్పుడే మానుకోవడం మంచిది.

డబ్బు పెట్టి కొన్న సర్టిఫికెట్‌తో ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేకుండా మార్చడం) గట్టిపడుతుందనేది కూడా అపోహే. ఎన్‌క్రిప్షన్ బలం ప్రధానంగా సర్వర్ సెట్టింగుల మీద ఆధారపడుతుంది. ఎన్‌క్రిప్షన్‌కు వాడే టీఎల్‌ఎస్ ప్రోటోకాల్‌లో పాత వెర్షన్లైన 1.0, 1.1లను 2021లోనే అధికారికంగా పక్కన పెట్టారు. మీ సర్వర్లో ఇంకా ఉంటే ఈరోజే ఆపేయండి.