నానావతి కేసుతోనే జ్యూరీ పోయిందా?

మన దేశంలో జ్యూరీ, అంటే కోర్టులో ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం, ఎందుకు లేదని ఎవరినడిగినా ముందు వచ్చే పేరు నానావతి. ఆ ఒక్క కేసు దెబ్బకే జ్యూరీని ఎత్తేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగమే నిజం.

1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహుజాను కాల్చి చంపి, వెళ్లి లొంగిపోయాడు. పెనుగులాటలో రివాల్వర్ పేలిందని డిఫెన్స్ వాదన. ఆహుజా అప్పుడే స్నానం చేసి టవల్ చుట్టుకుని ఉన్నాడు. మూడు గుండ్లు తగిలి పడిపోయినా ఆ టవల్ నడుము మీదే ఉంది. పెనుగులాటే జరిగితే అది ఊడకుండా ఉంటుందా అన్నది ప్రాసిక్యూషన్ ప్రశ్న. బయట బ్లిట్జ్ పత్రిక నానావతిని నెత్తిన పెట్టుకుంది. తొమ్మిదిమంది జ్యూరర్లలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పు ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు.

హైకోర్టు యావజ్జీవం వేసింది. అయితే అదే తీర్పులో సెషన్స్ జడ్జి జ్యూరీకి చట్టాన్ని సరిగా వివరించలేదని కూడా తేల్చింది. ప్రమాదవశాత్తు జరిగిందని రుజువు చేసుకోవాల్సింది నిందితుడేనన్న ముఖ్యమైన మాట వాళ్లకు చెప్పనే లేదు. చెప్పాల్సింది చెప్పకుండా నింద మొత్తం ఆ ఎనిమిదిమంది మీద వేయడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

1961 నవంబర్ 24న సుప్రీంకోర్టు ఆ శిక్షనే ఖాయం చేసింది. తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. భార్యాపిల్లల్ని సినిమాహాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వర్ తీసుకుని, ఆహుజా ఆఫీసుకూ ఆ తర్వాత ఫ్లాటుకూ వెళ్లాడు నానావతి. 1.30కి ఇల్లు వదిలాడు, హత్య జరిగింది 4.20కి. ఆవేశం చల్లారడానికి ఆ సమయం చాలని, ఇది క్షణికావేశంలో చేసిన హత్య కాదని సుబ్బారావు అన్నారు.

అసలు జ్యూరీని తీసేయమని లా కమిషన్ తన 14వ నివేదికలో సిఫార్సు చేసింది 1958లో, అంటే ఈ హత్యకు ముందు ఏడాదే. ఇంకా వెనక్కి వెళ్తే, ఈ పద్ధతి మన జనానికి సమానంగా దక్కిందే లేదు. 1665లో మద్రాసులో, తన బానిస పిల్లను చంపిందన్న కేసులో అసెన్షియా డాస్ అనే యజమానురాలిని జ్యూరీ వదిలేసింది. తెల్లవాళ్లను భారతీయ జడ్జీలు విచారించవచ్చన్న ఇల్బర్ట్ బిల్లు మీద గొడవ తర్వాత 1884లో, తెల్లవాడు ముద్దాయి అయితే జ్యూరీలో సగం మంది తెల్లవాళ్లే ఉండాలని కోరుకునే హక్కు వచ్చింది. 1897లో తిలక్ రాజద్రోహం కేసులో ఆరుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. జైలుకు వెళ్లింది తిలకే. ఇలాంటి జ్యూరీ మీద జనానికి నమ్మకం ఎక్కడ కుదురుతుంది?

నానావతి తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ విచారణలు నడిచాయి. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక దాని ఊసే లేదు. మిగిలింది పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రమే. అక్కడ ఈనాటికీ ఆ సమాజం నుంచే వచ్చిన ఐదుగురు డెలిగేట్లు జడ్జితోపాటు కూర్చుంటారు.