ర్యాంపు ఒకటి వేస్తే సరిపోతుందా? నాటకం, వైకల్యం: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో నాటకాలు ఆడించబట్టి ఇరవై ఏళ్లు దాటింది. గత ఎనిమిదేళ్లుగా చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు కూడా మా ప్రేక్షకుల్లో ఉండేలా చూసుకుంటున్నాం. ఎట్లా చేస్తున్నారని అడిగేవాళ్లు కొందరే. ఎందుకు చేస్తున్నారని అడిగేవాళ్లే ఎక్కువ. హాలు మేనేజర్లు, పోటీల నిర్వాహకులు, మా సొంత నటులు పదేపదే అనే మాటల్లో కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: ర్యాంపు వేశాం గదా, ఇంకేం కావాల?

ఆ ర్యాంపు మీద చక్రాల కుర్చీలో కూర్చుని మీరెప్పుడైనా ఎక్కి చూశారా? మన జిల్లాల్లోనే ఒక హాలుకు ముందే ఫోన్ చేసి అడిగితే “ఉంది సార్” అన్నారు. పోయి చూస్తే రెండు మెట్ల మీద వాల్చిన చెక్క. రెండు మెట్లూ కలిసి అడుగు ఎత్తు, చెక్క పొడవు నాలుగడుగులు. లెక్క ప్రకారం అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలి. అది ర్యాంపు కాదు, జారుడుబండ. ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి తోస్తే మా మిత్రుడు ఎక్కగలిగాడు. లోపల బాత్రూము గుమ్మం ఆయన కుర్చీ కంటే ఇరుకు. మూడు గంటల పద్య నాటకం చూడ్డానికి వచ్చిన మనిషి, ఇట్లాంటిదేదో ఉంటుందని తెలిసే, మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదట. ఆ సంగతి మాకు నాటకం అయిపోయాక తెలిసింది.

ఇక స్టేజీ. ర్యాంపంటే అందరూ ప్రేక్షకుణ్నే తలుచుకుంటారు, నటుడు ఎట్లా ఎక్కాలని ఎవరూ అడగరు. స్టేజీ మూడున్నర అడుగుల ఎత్తుంటే 42 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి చదును కావాలి. పాత హాళ్లలో అంత జాగా యాడిది? అట్లాంటి చోట మేం స్టేజీని వదిలేసి కింద నేల మీదే ఆడతాం. మన వీధి నాటకం పుట్టింది నేల మీదే కాబట్టి నామోషీ ఏం లేదు.

కూర్చునే చోటు కూడా అంతే. చక్రాల కుర్చీని గోడ పక్కన ఒంటరిగా నిలబెట్టి, పెండ్లాం బిడ్డల్ని ఐదో వరుసలో కూర్చోబెట్టడం సౌకర్యం అనిపించుకోదు. వరుస మధ్యలో రెండు కుర్చీలు తీసేస్తే అందరూ పక్కపక్కనే ఉంటారు. పల్లెల్లో తిరునాళ్లకు ఆడేటప్పుడు మూడు చక్రాల బండ్లను వెనక నిలబెడతారు. జనం లేచి నిలబడగానే వాటిలో ఉన్నవాళ్లకు వీపులు తప్ప ఏమీ కనపడవు. మేం వాటిని ముందుకు తెచ్చి, హార్మోనియం పక్కన ఆపిస్తాం.

అపోహ: కండ్లు కనపడనోళ్లు నాటకానికి వచ్చి ఏం చూస్తారు? పద్యాలు వినపడతాయి, చాలదా?

సీమలో ఈ మాట న్యాయంగానే అనిపిస్తుంది. కండ్లున్నవాళ్లే కండ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ రాగం వినే ఊళ్లు మనవి. నేనూ చాలా కాలం అట్లాగే అనుకున్నా.

ఒక రాత్రి హరిశ్చంద్రుడి కాటి సీను నడుస్తోంది. చంద్రమతి తల వంచింది. హరిశ్చంద్రుడు కత్తి ఎత్తాడు. హార్మోనియం ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. మూడో వరుసలో ఒక పెద్దాయన పక్కనున్న మనవణ్ని అడుగుతున్నాడు: “ఏమాయ రా? ఏమాయ?” వెనక నుంచి ఎవరో “ష్” అన్నారు. పిల్లోడు నోరు మూసుకున్నాడు. రాత్రంతా పద్యాలు విన్న మనిషికి అసలు ఘట్టం అందకుండా పోయింది, అదీ మేం దర్శకత్వ ప్రతిభ చూపించామని మురిసిపోయిన నిశ్శబ్దంలో.

దీనికి పరిష్కారం ఆడియో డిస్క్రిప్షన్. రంగం మీద మాట్లాడకుండా జరిగేదాన్ని ఒకరు చిన్న మాటల్లో చెబుతుంటే, కావలసినవాళ్లు ఇయర్‌ఫోన్‌లో వింటారు. అమెరికాలో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ 1981లోనే దీన్ని నాటకానికి వాడింది. అయినా మనకిది కొత్తేమీ కాదు, ధృతరాష్ట్రుడికి సంజయుడు చేసిందీ ఇదే. కాకపోతే సంజయుడు మధ్యమధ్యలో రాజుకు చీవాట్లు కూడా పెడతాడు. మనం ఆ పని చెయ్యకూడదు. “కోపంగా చూశాడు” అని తీర్పు చెప్పకూడదు. “పళ్లు బిగించాడు, చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది” అనాలి. కోపమో కాదో వినేవాడు తేల్చుకుంటాడు. పుట్టు గుడ్డివాళ్లకు రంగులు చెప్పి ఏం లాభమని మా వాళ్లే అడిగారు. పసుపు అంటే ఏమిటో, తెల్లచీర అంటే ఏమిటో తెలియడానికి కండ్లే ఉండాలా?

పద్య నాటకంలో దీనితో ఒక పెద్ద చిక్కుంది. పద్యం మీద మన మాట పడకూడదు. పడిందంటే వినేవాడే ఇయర్‌ఫోన్ పీకేస్తాడు. మరి చెప్పేదెప్పుడు? నటుడు శ్రుతి అందుకునే ముందు హార్మోనియం వాయించే నాలుగైదు సెకన్లున్నాయే, అప్పుడు. పద్యం తర్వాత చప్పట్లు మోగుతున్నప్పుడు. అందుకే వివరణ చెప్పే అమ్మాయి మొదటి రిహార్సల్ నుంచే మాతో కూర్చుంటుంది, ఆమె నోటుబుక్కులో ప్రతి ఖాళీకీ ఎన్ని సెకన్లో రాసి ఉంటుంది. ఖాళీ దొరకనిచోట నేనే నటుణ్ని ఒక క్షణం ఆపిస్తా. మొదట్లో నటులు సణిగారు. ఇప్పుడు ఆ ఆగడం వల్లే సీను పండుతోందని వాళ్లే చెప్పుకుంటున్నారు, నాకేం అభ్యంతరం లేదు.

మాటలు ఎట్లా చేరవేస్తామంటారా? ఫోన్‌లో గ్రూప్ కాల్. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి స్టేజీ వైపు. సిగ్నల్ ఆలస్యమైతే మాట వెనకబడుతుంది కాబట్టి ముందురోజే హాల్లో చూసుకుంటాం.

కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో మొదలైన సురభి నాటకాల పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేవి ట్రిక్కు సీన్లే. చప్పుడు లేకుండా జరిగే మాయ చెవికెట్లా తెలుస్తుంది? పద్యాలు వింటే చాలనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

తెర లేచేందుకు గంట ముందు చూపు లేనివాళ్లను స్టేజీ మీదికి పిలిచి సామాన్లన్నీ చేతికిస్తాం. భీముడి గద పట్టుకుని ఒకాయన, “ఇంతేనా సామీ! నేను మోయలేననుకుంటిని” అని నవ్వాడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల్ని ఒకసారి తెచ్చి చూపు లేని పిల్లల ముందు పరిచాం. మేకతోలు బొమ్మల్లో నగలన్నీ చిన్నచిన్న తొలుపులే. దీపం వెలుగు అందులోంచే తెర మీద మెరుస్తుంది. ఒక పాప వేలి కొసలతో ఆ తొలుపుల వెంబడే పోయి, “ఇది వడ్డాణం గదా” అంది. తరవాత రావణుడి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను ఎన్ని బొమ్మలాటలు చూశానో! ఆ వడ్డాణాన్ని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు.

అపోహ: తెర మీద తెలుగులో రాసి చూపిస్తే వినపడనివాళ్లందరికీ సరిపోతుంది.

వయసు మీదపడి వినికిడి తగ్గినవాళ్లకు అదే మేలు. మా హాల్లో వీళ్ల సంఖ్యే ఎక్కువ, “నాకు బాగానే వినపడుతుంది” అంటూనే అక్షరాలు చదువుకుంటారు. పుట్టుకతో వినికిడి లేనివాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి సైగ భాషే మొదటి భాష, తెలుగు బడిలో కష్టపడి నేర్చుకున్న రెండో భాష. భారతీయ సైగ భాష అంటే తెలుగు వాక్యాన్ని వేళ్లతో చెప్పడం కాదు. దాని వ్యాకరణం దానిదే, కనుబొమలూ ముఖకవళికలూ అందులో భాగం. కాబట్టి అనువాదకుడి ముఖం మీద వెలుతురు పడాలి. స్టేజీ మీద దీపాలన్నీ ఆర్పినా ఆయన మీద చిన్న లైటు ఆరకూడదు. పూర్తి నాటకానికి ఇద్దరు కావాలి, చేతులూ బుర్రా అలిసిపోతాయి. పద్యాల తాత్పర్యంతో సహా స్క్రిప్టు రెండు వారాల ముందే పంపాలి.

అక్షరాలు చూపించడంలో మా తప్పు ఒకటి చెబుతా. రాయబారం ఘట్టంలో కృష్ణుడు పద్యం ముగించగానే జనం “వన్స్ మోర్” అన్నారు. ఆయన మళ్లీ అందుకున్నాడు. కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడు ఆ హడావుడిలో ముందుకే నొక్కుతూ పోయాడు. కృష్ణుడు శాంతి గురించి పాడుతుంటే తెర మీద దుర్యోధనుడు తిడుతున్నాడు. ఇప్పుడు ఆ పనికి పద్యాలు నోటికి వచ్చినవాళ్లనే కూర్చోబెడుతున్నాం.

అపోహ: వచ్చేది ఇద్దరు ముగ్గురు, అంత ఖర్చెవరు పెడతారు?

2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉన్నవాళ్లు 2.21 శాతం. 500 సీట్ల హాల్లో అది 11 మంది. ముగ్గురే వస్తున్నారంటే మిగతా ఎనిమిది మంది ఇంట్లో ఎందుకున్నారో కనుక్కోవాలి. మేం కనుక్కుంటే తేలిన మొదటి కారణం పోస్టర్. వాట్సాప్‌లో బొమ్మగా పంపిన పోస్టర్‌ను చూపు లేనివాళ్ల ఫోన్ సరిగా చదివి వినిపించలేకపోతుంది. కింద నాలుగు లైన్లు టైపు చేస్తే చదువుతుంది. దానికి పైసా ఖర్చు లేదు. సైగ భాష అనువాదకులకు మాత్రం నిజంగానే ఖర్చవుతుంది, మాకు బయటి ఊరి నుంచి రావాలి. అందుకే ఆ డబ్బును లైట్లు, మేకప్‌తో పాటు మొదటి రోజే బడ్జెట్‌లో రాస్తాం. చివర్లో మిగిలితే చూద్దాం అనుకుంటే ఎప్పుడూ మిగలదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సాంస్కృతిక జీవితం గురించి విడిగా 29వ సెక్షనే ఉంది. అందుబాటు నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో చెప్పింది. హాలు మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండు ముక్కలు బాగా పనికొస్తాయి.

అపోహ: వాళ్ల కోసం డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం నాడు, వేరే ప్రోగ్రాం పెడుతున్నాం గదా.

పెట్టండి. శాలువాలూ కప్పండి. మిగతా 364 రోజులు వాళ్లెక్కడ కూర్చోవాలన్నదే నా ప్రశ్న. ఎక్కడ నటించాలన్నదీ. మన నాటకాల్లో వైకల్యానికేం కొరత లేదు. శకుని కుంటుతాడు, మంథర వంగి నడుస్తుంది, ధృతరాష్ట్రుడు తడుముకుంటాడు. అన్నీ వైకల్యం లేనివాళ్లు కట్టే వేషాలే.

పోయిన ఏడు ధృతరాష్ట్రుడి వేషం నిజంగా చూపు లేని నటుడికే ఇచ్చాం. గొంతు బ్రహ్మాండం. అడుగుల కొలత కోసం స్టేజీ మీద చాప కింద సన్నటి తాడు పరిచాం, అరికాలికి తగిలితే సింహాసనం వచ్చినట్టు. మొదటి రిహార్సల్‌లో నాకు ఇరవై ఏళ్ల అలవాటు పోక, “ధృతరాష్ట్రుడంటే కనుగుడ్లు పైకి తిప్పాలప్పా, చేతులు గాల్లో ఆడించాల” అన్నా.

ఆయన నా గొంతు వైపు తిరిగాడు. “అది నాకు రాదు సార్. గుడ్డోళ్లు అట్లా యాడ చేస్తారో మీరే చూపించండి, నేర్చుకుంటా.”