వరద సంచి: మనకూ, మన పెంపుడు జంతువులకూ (అపోహలు - వాస్తవాలు)

విజయవాడలో పశువైద్యుడిగా పనిచేస్తున్న నాకు, వరద వస్తే వెంటనే తీసుకుని బయలుదేరేందుకు ముందే సర్ది ఉంచుకునే సంచి గురించి వానాకాలం ముందు తరచుగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: వరద వస్తే ముందే తెలుస్తుంది, అప్పుడు సర్దుకోవచ్చు.

వాస్తవం: కృష్ణకు వరద వస్తే ప్రకాశం బ్యారేజీ వద్ద మొదటి, రెండవ ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు కనుక కొంత వ్యవధి దొరుకుతుంది. నగరంలోకి పొంగే బుడమేరు వాగు అంత వ్యవధి ఇవ్వదు. 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్, పాయకాపురం వాసులకు అది అనుభవమే. సంచి జూన్‌లోనే తలుపు పక్కన ఉండాలి.

అపోహ: ఒక్క పూటే కదా, కుక్కను ఇంట్లో కట్టేసి వెళ్ళవచ్చు.

వాస్తవం: ఆ ఏడాది కొన్ని వీధుల్లో వారం దాటినా నీరు తీయలేదు. కట్టేసిన కుక్క పెరిగే నీటి నుంచి తప్పించుకోలేదు. పాకలోని గేదెకూ ఇదే వర్తిస్తుంది. వెంట తీసుకువెళ్ళడం ఏ విధంగానూ కుదరకపోతే కనీసం గొలుసో, పలుపో విప్పాలి.

అపోహ: సంచి ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: నడుము లోతు నీటిలో ఒక చేయి జంతువును పట్టుకోవడానికే సరిపోతుంది కనుక, భుజాలకు తగిలించుకుని నడవగలిగినంత బరువే సంచిలో ఉండాలి. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మూడు రోజుల నీరంటే తొమ్మిది కిలోలు, నీటిలో నడుస్తూ అది మోయడం చాలా కష్టం. ఒక రోజుకు సరిపడా నీరు, క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, మందులు, ప్లాస్టిక్ కవరులో ఆధార్ నకళ్ళు ఉంటే చాలు. పది కిలోల కుక్కకు రోజుకు అర లీటరుకు పైగా నీరు అదనం. మన ఇళ్ళలో చాలా కుక్కలు పెరుగన్నానికి అలవాటు పడ్డాయి, అది సంచిలో నిలవదు. వరద రోజున ఒక్కసారిగా ప్యాకెట్ పొడి ఆహారం పెడితే విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే వానాకాలానికి రెండు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయండి. పిల్లిని మోసే బుట్ట లేకపోతే బట్టల ప్లాస్టిక్ బుట్టలు రెండింటిని ఒకదానిపై ఒకటి బోర్లించి తాడుతో బిగించవచ్చు. దిండు గలేబులో వేసుకుని పరుగెత్తేవారున్నారు కానీ, తడిసిన గుడ్డలో పిల్లికి ఊపిరాడదు.

అపోహ: మన జ్వరం బిళ్ళలో సగం పెంపుడు జంతువుకూ వేయవచ్చు.

వాస్తవం: పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్ళ ప్రాణం తీయగలదు. కుక్కకు ఐబుప్రోఫెన్ కూడా ప్రమాదమే. జంతువు మందులను విడిగా, పేరు రాసి పెట్టుకోవాలి.

అపోహ: టీకాలు వరద వచ్చాక వేయించవచ్చు.

వాస్తవం: ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి కుక్కకూ, కాలికి గాయమున్న యజమానికీ సోకుతుంది. ఈ వ్యాధికి కుక్కకు తొలిసారి వేయించే టీకా రెండు మోతాదులు, మధ్య రెండు నుంచి నాలుగు వారాల ఎడం. కనుక మొదటిది మే నెలలో పడాలి. రేబిస్ టీకా పుస్తకంతో పాటు, జంతువుతో మీరు కలిసి దిగిన ఫొటో అచ్చు వేయించి సంచిలో పెట్టండి. ఫోను తడిస్తే జంతువు మీదేనని చూపడానికి ఇవే మిగులుతాయి.