వాగుకు ఆ ఒడ్డున యుద్ధం: చాద్ - సూడాన్ సరిహద్దు గురించి అపోహలు, వాస్తవాలు

మాది అనంతపురం జిల్లా. వేసవిలో ఇసుక తప్ప ఏమీ కనిపించని పెన్నలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి బిందె నింపుకోవడం చూస్తూ పెరిగాను. నీటి సరఫరా ఇంజనీరునయ్యాక సహాయ సంస్థలతో కలిసి ఆఫ్రికా వెళ్లాను. తూర్పు చాద్‌లో, సూడాన్ సరిహద్దు పక్కన, శరణార్థుల కోసం బోర్లు వేయించడం, ట్యాంకర్లు తిప్పించడం నా పని. ఆ ప్రాంతం పేరు మన వార్తల్లోకి వచ్చేది కాల్పులు జరిగినప్పుడే. వచ్చిన ప్రతిసారీ మా చిన్నాన్న నుంచి స్నేహితుల దాకా అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ప్రశ్నల అడుగున ఉన్న కొన్ని నమ్మకాలు నిజానికి చాలా దూరం. వాటి గురించే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందుగా రెండు మాటలు. 2023 ఏప్రిల్ 15న సూడాన్ సైన్యానికి, ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే సాయుధ దళానికి మధ్య రాజధాని ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. కొద్ది రోజుల్లోనే పశ్చిమాన ఉన్న డార్ఫర్‌కు పాకింది. డార్ఫర్‌కు ఆనుకునే చాద్ ఉంది. రెండు దేశాల మధ్య సరిహద్దు సుమారు 1,400 కిలోమీటర్లు.

అపోహ: ఎడారిలో కాల్పులంటే మనుషులు లేని చోట జరిగేవి.

అన్నిటికంటే ఎక్కువగా వినేది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

మొదట నేల గురించి చెప్పాలి. సరిహద్దును ఆనుకుని ఉన్న చాద్ ఊరు అడ్రే చుట్టుపక్కల అంతా పూర్తి ఎడారి కాదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు పడతాయి. సజ్జ, జొన్న పండుతాయి. ఆ పిండితో వాళ్లు వండే అసీదాను మొదటిసారి చేత్తో తుంచుకున్నప్పుడు నాకు మా ఇంటి సంగటే గుర్తొచ్చింది. ఊళ్లో నీడ కోసం పెంచిన వేపచెట్లుంటాయి. ఉత్తరంగా టినే అనే సరిహద్దు ఊరి వైపు, ఆపైన ఎన్నెడి కొండల వైపు పోయేకొద్దీ చెట్లు పలచబడి రాయి, ఇసుక మిగులుతాయి.

భూగర్భం కూడా నాకు తెలిసిన రకమే. అడ్రే ఉన్న వద్దాయి ప్రాంతమంతా అడుగున గట్టి రాయి. అనంతపురంలో లాగే, బోరు వేస్తే పడుతుందో లేదో చెప్పలేం. నీళ్లు నమ్మకంగా దొరికేది వాగుల్లోనే. వాటిని అక్కడ ‘వాదీ’ అంటారు. వానాకాలంలో కొన్ని గంటల పాటు ఉధృతంగా పారి, మళ్లీ ఎండిపోతాయి. ఇసుక కింద మాత్రం నెలల తరబడి తడి ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు అక్కడ చెలమలు తవ్వుతారు, గాడిదల మీద నీళ్లు మోస్తారు. ఒంటెలు, మేకలు తాగేదీ అక్కడే. పక్కనే సంత, సంత పక్కనే బండ్ల దారి.

ఇప్పుడు సాయుధుల సంగతి. ఈ ప్రాంతంలో యుద్ధం నడిచేది పికప్ బండ్ల మీద. 1987లో చాద్ సైనికులు టొయోటా పికప్‌లతో లిబియా ట్యాంకులను ఉత్తర చాద్‌లోని ఫాదా దగ్గర, ఆ తర్వాత వాదీ దూమ్ దగ్గర చిత్తు చేసినప్పటి నుంచి ఈ పద్ధతి లోకానికంతా తెలుసు. ఒక్కో బండి మీద ఆయుధంతో పాటు చాలామంది ఎక్కుతారు. బండికి డీజిల్ కావాలి, మనిషికి నీళ్లు కావాలి. అందువల్ల వాళ్లు తిరిగే దారులు కూడా బావి నుంచి బావికే ఉంటాయి. పటం మీద ‘ఎడారిలో ఘర్షణ’ అని కనిపించే చుక్క దాదాపు ఎప్పుడూ ఎవరిదో ఒకరి నీటి రేవు.

ఒక రోజు మా కుళాయిల దగ్గర డబ్బాల వరుస చాలా పొడవుగా ఉంది. వాగు అవతల పెద్ద తుపాకీ మోత మొదలైంది. అందరూ నేల మీద బోర్లా పడుకున్నారు. డబ్బాలు మాత్రం వరుసలో అలాగే ఉండిపోయాయి. అరగంటకు మోత తగ్గింది. లేచి, దుమ్ము దులుపుకుని, ఎవరి డబ్బా వెనుక వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒక్కరు కూడా ముందుకు జరగలేదు. ఆ వరుసను నేను మరిచిపోలేను.

అపోహ: సరిహద్దు అంటే గీత. దాటితే తెలియకపోదు.

ఈ గీతను ఖరారు చేసింది 1924లో బ్రిటన్, ఫ్రాన్స్. అంతకుముందు ఇక్కడ మసాలిత్ అనే తెగ సుల్తానుల రాజ్యం ఉండేది. 1910 నవంబర్‌లో దొరోతీ దగ్గర జరిగిన యుద్ధంలో మసాలిత్ సుల్తాను, ఫ్రెంచి సేనాని కల్నల్ మోల్ ఇద్దరూ చనిపోయారు. చివరికి మసాలిత్ నేలలో కొంత ఫ్రెంచివాళ్ల చాద్‌లోకి, ఎక్కువ భాగం బ్రిటిష్ సూడాన్‌లోకి పోయింది. ఒకే ఇంటివాళ్లు రెండు దేశాల పౌరులయ్యారు.

ఉత్తరాన జగావా ప్రజలదీ ఇదే కథ. టినే అనే ఊరు చాద్‌లో ఉంది, సూడాన్‌లోనూ ఉంది. మధ్యలో ఎండిన వాగు. అక్క ఈ ఒడ్డున, చెల్లెలు ఆ ఒడ్డున ఉంటారు. పెళ్లికి, చావుకు, సంతకు దాటుతూనే ఉంటారు. కంచె లేదు. చాలాచోట్ల రాయి కూడా లేదు.

బయటివాళ్లకైతే గీత అసలే కనిపించదు. 2008 మార్చిలో యూరోపియన్ యూనియన్ శాంతి దళానికి చెందిన ఫ్రెంచి సైనికుల వాహనం పొరపాటున సూడాన్‌లోకి వెళ్లింది. కాల్పులు జరిగి ఒక సైనికుడు చనిపోయాడు. శిక్షణ, పరికరాలు అన్నీ ఉన్నవాళ్లకే అలా జరిగింది. మా ట్యాంకర్ డ్రైవర్లు దారిని గుర్తుపట్టేది చెట్లతో, గుట్టలతో. అందుకే కొత్త డ్రైవర్‌ను మొదటి నెల స్థానికుడు పక్కన లేకుండా పంపను.

అపోహ: పొరుగు దేశపు సాయుధులు అడుగుపెట్టారంటే అది దండయాత్రే. ఇక రెండు దేశాలకు యుద్ధం తప్పదు.

ఎక్కువసార్లు జరిగేది వేరు. ఓడిన వర్గం పారిపోయి గీత దాటుతుంది, గెలిచిన వర్గం వెంటపడుతుంది. 2011 ఏప్రిల్ చివర్లో లిబియా - ట్యునీషియా సరిహద్దులో అచ్చం ఇదే జరిగింది. వాజిన్ గేటును తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. దాన్ని తిరిగి లాక్కోవడానికి వచ్చిన గడాఫీ సేనలతో పోరు ట్యునీషియా ఊరు దెహీబా వీధుల్లోకి వచ్చింది. ట్యునీషియా సైన్యం అడ్డుకుంది, ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. రెండు దేశాల మధ్య యుద్ధం మాత్రం రాలేదు. ఆ రోజుల్లోనే ఆ సరిహద్దు ఊళ్లవాళ్లు లిబియా కుటుంబాలకు తమ ఇళ్లలో చోటిచ్చారని కూడా గుర్తుంచుకోవాలి.

తరుముతూ వచ్చినంత మాత్రాన పొరుగు నేల మీదికి అడుగుపెట్టే హక్కు వస్తుందనుకోవడం కూడా పొరపాటే. సముద్రం మీద అలాంటి హక్కుకు అంతర్జాతీయ చట్టంలో చోటుంది. నేల మీద రెండు దేశాలూ ఒప్పుకుంటే తప్ప లేదు.

అలాగని ప్రతి ఘర్షణా దానంతట అదే చల్లారుతుందని చెప్పను. 2005 డిసెంబర్ 18న చాద్ తిరుగుబాటుదారులు సూడాన్ వైపు నుంచి వచ్చి అడ్రే మీద దాడి చేశారు. ఐదు రోజులకు చాద్ ప్రభుత్వం సూడాన్‌తో తాము యుద్ధ స్థితిలో ఉన్నామని ప్రకటించింది. 2006 ఏప్రిల్‌లోనూ 2008 ఫిబ్రవరిలోనూ చాద్ తిరుగుబాటుదారులు తమ దేశ రాజధాని ఎన్జమీనా దాకా వెళ్లారు. 2008 మేలో డార్ఫర్ తిరుగుబాటుదారులు ఖార్టూమ్‌ను ఆనుకుని ఉన్న ఒమ్‌దుర్మాన్ దాకా చేరారు. 2010 జనవరిలో ఒప్పందం కుదిరి, ఉమ్మడి గస్తీ దళం వచ్చాకే కాస్త నెమ్మదించింది. ఆ నాలుగేళ్లు మంటను పోషించింది గీత దాటిన తూటాలు కావు. ఎదుటి ప్రభుత్వానికి ఎదురుతిరిగినవాళ్లకు రెండు దేశాల్లోనూ ఆశ్రయం, బండ్లు, ఆయుధాలు దొరకడమే. ఇప్పుడైనా ఎవరైనా నన్ను ‘ఇది పెద్దదవుతుందా’ అని అడిగితే, మృతుల సంఖ్య కన్నా ముందు ఈ సంగతే చూడమంటాను.

అపోహ: శరణార్థులతో పాటు తుపాకులూ వస్తాయి.

తుపాకీతో వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకు వేరే పద్ధతి ఉంది. యుద్ధం మొదలైన నాలుగు రోజుల్లోనే, సరిహద్దు దాటి వచ్చిన 320 మంది సూడాన్ సాయుధుల దగ్గర ఆయుధాలు తీసుకున్నామని చాద్ ప్రభుత్వం చెప్పింది. సైనికుణ్ణి నిరాయుధుణ్ణి చేసి, పౌరుల నుంచి వేరుగా ఉంచాలి. శరణార్థి అనే మాట అతనికి వర్తించదు.

మేము నీళ్లిచ్చే జనం వేరు. వాళ్లలో పదికి దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లు, పిల్లలు. 2023 జూన్‌లో డార్ఫర్‌లోని ఎల్ జెనీనా పట్టణం నుంచి వచ్చిన జనం సంగతి తెలిస్తే ఈ అపోహను ఎవరూ నోటితో అనలేరు. ఎల్ జెనీనా నుంచి అడ్రేకు సుమారు 30 కిలోమీటర్లు. మన దగ్గర బస్సులో గంట. ఆ దారిలో మసాలిత్ కుటుంబాలను ఆపి, మగవాళ్లను విడదీసి చంపారు. మూడు రోజుల్లో అడ్రే ఆస్పత్రికి 800 మందికి పైగా క్షతగాత్రులు చేరారు. ఆ ఏడాది ఎల్ జెనీనాలో చనిపోయినవారు 10,000 నుంచి 15,000 మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం అంచనా వేసింది.

ఇంకో మాట కూడా వింటుంటాను: ‘ప్రమాదమని తెలిసీ సరిహద్దు పక్కనే ఎందుకుంటారు?’ శిబిరాలు సరిహద్దుకు కనీసం 50 కిలోమీటర్ల లోపలికి ఉండాలన్నది శరణార్థి సంస్థలు పాటించే నియమం. ఫర్షానా, అర్కుమ్, మెచే వంటి శిబిరాలకు లక్షల మందిని తరలించారు కూడా. కానీ వెనక తప్పిపోయిన కొడుకు ఏ రాత్రైనా వాగు దాటి వస్తాడేమోనని ఎదురుచూసే తల్లిని లారీ ఎక్కమని చెప్పడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. నేను చెప్పాను. ఆమె రాలేదు. ఆమె ఉన్న చోటికే నీళ్లు పంపాం.

అపోహ: ఇద్దరు ముగ్గురు చనిపోతే అది చిన్న ఘటన.

2025 డిసెంబర్ చివర్లో టినేలో డ్రోన్ దాడి జరిగి ఇద్దరు చాద్ సైనికులు చనిపోయారు. వార్తలో నాలుగు వాక్యాలు. అలాంటి ప్రతి ఘటన తర్వాత సరిహద్దు ఊళ్లో జరిగేది నా వైపు నుంచి చెబుతాను.

ముందుగా డ్రైవర్లు బండ్లు తీయరు. తీయమని ఒత్తిడి చేయను. వాళ్లకూ పిల్లలున్నారు. ట్యాంకర్ ఆగితే మనిషికి అందే నీళ్లు ఆ పూటే సగానికి పడతాయి. శిబిరంలో మనిషికి రోజుకు 20 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. అత్యవసరంలో 15కు తగ్గకూడదంటారు. అడ్రేలో, టినేలో ఆ 15 అందిన రోజులే తక్కువ. నీళ్లు తగ్గితే జనం మళ్లీ వాగులో చెలమలకు పోతారు. క్లోరిన్ కలపని నీళ్లు, పక్కనే పశువులు, మనుషుల మలం. వారం తిరక్కుండా విరేచనాల కేసులు పెరుగుతాయి. ఆ పసిపిల్లలను కాల్పుల మృతుల లెక్కలో ఎవరూ కలపరు.

తర్వాత సంత మూతపడుతుంది. ఇక్కడి సబ్బు, చక్కెర, ఇంధనం చాలావరకు సూడాన్, లిబియా వైపుల నుంచే వస్తాయి. చాద్‌కు సముద్రం లేదు. కామెరూన్‌లోని దువాలా ఓడరేవులో దిగిన సరుకు ఎన్జమీనా మీదుగా దేశం ఈ చివరికి చేరాలి. వానాకాలంలో వాగులు పారితే లారీలు రోజుల తరబడి ఒడ్డున నిలబడిపోతాయి. అందుకే ఏ నెలలో కాల్పులు జరిగాయన్నది నాకు ముఖ్యం. ఫిబ్రవరిలో మూడు రోజులు దారి మూస్తే తట్టుకోగలం. జూలైలో మూస్తే అప్పటికి గోదాములో ఉన్నదే దిక్కు.

పైగా అడ్రే సరిహద్దు గేటు రెండు వైపులకూ ప్రాణం. డార్ఫర్ లోపల ఆకలితో ఉన్నవాళ్లకు ఆహారం వెళ్లే ముఖ్యమైన దారి అదే. సూడాన్ ప్రభుత్వం దాన్ని మూసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరవడానికి ఒప్పుకుంది. అది తెరుచుకోవాలని మా వాళ్లు ఎంతగా ఎదురుచూశారో మాటల్లో చెప్పలేను. 2023 తర్వాత చాద్‌లోకి వచ్చిన సూడాన్ వాసులు 8 లక్షలకు పైనే. అంతకుముందే, 2003 నుంచి నడిచిన డార్ఫర్ యుద్ధం వల్ల వచ్చినవాళ్లు మరో 4 లక్షల మంది ఉన్నారు. ప్రపంచంలో బాగా పేద దేశాల్లో ఒకటి వాళ్లను వెనక్కి పంపకుండా ఉంచుకుంది. దీనికి ఆ ఊళ్ల జనానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నా అభిప్రాయం.

అపోహ: మనకు ఏం సంబంధం?

2023 ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ కావేరీ పేరుతో సూడాన్ నుంచి మన ప్రభుత్వం 3,800 మందికి పైగా తీసుకొచ్చింది. 2011లో లిబియా నుంచి వచ్చిన భారతీయులు 15,000 పైచిలుకు. ఆ రెండు దేశాల్లోనూ తెలుగువాళ్లు ఉన్నారు. 2015లో లిబియాలో అపహరణకు గురైన ఇద్దరు తెలుగు అధ్యాపకులు ఏడాదికి పైగా బందీలుగా ఉన్నారు. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అపోహ: కాల్పులు ఆగితే మర్నాటికి మామూలే.

పేలని గుండ్లు అక్కడే మిగిలి ఉంటాయి. గట్టి నేల మీద పడినవి కనిపిస్తాయి. వాగు ఇసుకలో పడినవి కూరుకుపోతాయి. వాన పడి వాగు పారితే కిందికి కొట్టుకుపోయి, చెలమలు తవ్వే చోటికే చేరవచ్చు. ఇసుకలో మోచేతి లోతున చేయి పెట్టి నీళ్లు తోడేది ఎక్కువగా ఆడపిల్లలే.

ఒక ఘర్షణ తర్వాత మేము వాగులో రెండు వైపులా రాళ్లు పేర్చి రంగు వేశాం. ఎర్ర రంగు ఉన్న వైపు పోకూడదు, తెల్ల రంగు వైపు పోవచ్చు. తవ్వే చోటును ఎగువకు జరిపాం. ఊరి పెద్దాయన ప్రతి పొద్దునా వచ్చి రాళ్లు కదిలాయేమో చూసేవాడు. గుండ్లు ఏరే బృందం వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. రంగు రాళ్లన్నీ ఒక్క రాత్రిలో కొట్టుకుపోయాయి. మర్నాడు పొద్దున వాగులో నీళ్లు తగ్గగానే మళ్లీ కొత్త రాళ్లు మోసుకొచ్చి పేర్చడం మొదలుపెట్టాం. పెద్దాయన మాకంటే ముందే అక్కడున్నాడు.